జోడు మగ్గం

కొత్తవాడల మా ఇంట్లె మగ్గం
ఇద్దరు కూసునేంత వెడల్పు.
ఎడమ దిక్కు అమ్మ, కుడి దిక్కు నేను,
నడుమ తెల్లటి పడుగు.
నా కండె సగం దాక పోయి
ఆమె వేళ్ళకు అందుతది,
ఆమె వేళ్ళల్లకెల్లి ఆవలి అంచుకు పోతది.

మొదట్ల నాకు తొందరుండె.
పదమూడేండ్ల చెయ్యి,
పంజాతోని దబదబ కొట్టి
అమ్మను దాటిపోయిన అనుకున్న.
సాయంత్రానికి చూస్తే
షత్రంజి నా దిక్కు బిగిసి
ఆమె దిక్కు వదులై
ఏటవాలుగ నిలవడ్డది.
అమ్మ తిట్టలే.
జానెడు మేర విప్పింది.
విప్పుడు గూడ ఇద్దరు చెయ్యాల్సిన పనే అని
ఆనాడు ఎర్కైంది.

అమ్మ పోయిన యాడాది
ఫోన్ల ఒక గుంపు కట్టిన,
అడుగుదామంటె పక్కన ఎవలు లేక.
పేరు పెట్టుడు రాక ‘పోగులు’ అని పెట్టిన.
మట్టెవాడ నుంచి రంగులద్దే కరీమున్నీసా,
శాయంపేట ఓదెలు,
కమలాపూర్ల అచ్చులు కట్టే సారంగపాణి మామ,
మెట్‌పల్లి నుంచి పేరు చెప్పని ఒకామె.
తెగిన పోగు తెగిందనే చెప్పెటోళ్ళు.
ఎరుపు కారుతున్నది, పటిక ఎంతెయ్యాలె?
మా వాడకు కరంటు పోయింది, మీకున్నదా?
గిసుంటివే.
ఒక రాత్రి ఎవలో గొంతు పంపబోయి
ఉత్త దగ్గు పంపిన్రు,
దానికి గూడ జవాబొచ్చింది:
మిరియాలు నమిలి పండు బిడ్డా.

అఖిలేషు మంచి పిలగాడు.
అందరికి ఉషారొస్తదని చేసిండు:
శనివారం శనివారం ఒక జాబితా,
మొదటి నేత, రెండో నేత, మూడో నేత,
పేరు పక్కన పసుప్పచ్చ కిరీటం.
రెండు వారాలు ఫోటోలు వానలెక్క పడ్డయి.
మూడో వారం నిమ్మలంగ చూసిన,
అన్నీ నడిమి ఫోటోలే.
అంచు చూపెట్టినోళ్ళు ఒక్కరు లేరు.

షత్రంజికి రెండు దిక్కుల ముఖమే,
దాచుకునే వీపు లేదు దానికి.
మనుషులమే వీపులు చేసుకున్నం.
కరీమున్నీసా పటిక లెక్క చెప్పుడు మానింది.
సారంగపాణి మామ చూస్త అన్నడు, చూడలే.
ఓ పొద్దుగాల బూడిదరంగు అక్షరాలు:
ఓదెలు వెళ్లిపోయారు.
ముప్పై ఆరేండ్ల చెయ్యి
నాలుగు వారాలు
పదకొండో నంబరు కింద కూసున్నది.

ఉపన్యాసాలు నాకు రావు.
ఆ రోజు నా అంచు వంకరబోయింది,
నిజంగనే, నాలుగు వేళ్ళ మందం.
అట్లనే ఫోటో తీసి పెట్టిన.
ఎక్కడ తప్పిన్నో చెప్పున్రి అన్న.

పగలంత సప్పుడు లేదు.
పొద్దుమీకినంక మెట్‌పల్లామె:
నాది ఆరు వేళ్ళు పోయింది, చూడు.
దాని కింద ఇంకోటి, ఇంకోటి,
కారిన ఎరుపు, ఎలుక కొరికిన పడుగు,
మనుమడు కత్తెరతోని ఆడిన మూల.
నవ్వుడు మొదలైంది.
నవ్వుల నడుమ, ఎవ్వలు అడగకుండనే,
కరీమున్నీసా: శేరు నూలుకు రెండు తులాల పటిక,
నీళ్ళు సల్లగైనంకనే.

ఆ రాత్రి అఖిలేషు
తన చేతితోనే జాబితా తీసేసిండు.
ఇప్పుడు ఎవల దగ్గర ఏ నూలు మిగిలిందో
రాసిపెడుతున్నడు.
ఆ రాతల మొదటోళ్ళు లేరు,
మిగిలినోళ్ళున్నరు, కావాల్సినోళ్ళున్నరు.

ఓదెలు మాత్రం తిరిగి రాలే.
ఆదివారం ఆదివారం నేనే ఫోన్ చేస్త.
వాన సంగతి చెప్తడు, మోకాలి నొప్పి చెప్తడు.
గుంపు ముచ్చట ఆయన ఎత్తడు, నేనూ ఎత్తను.
మాటల ఎనుక ఆయన మగ్గం ఇనబడుతది.
అది చాలనిపిస్తది.
ఒక్కోసారి చాలదు.

అమ్మ కూసున్న ఎడమ దిక్కు
మొన్నటి సంది కాశిబుగ్గ లహరి కూసుంటున్నది.
ఇంక చెయ్యి తిరగలే ఆమెకు,
కండె తడబడి ఒడిల పడుతది.
నేను పంజా ఎత్తిపట్టి ఆగుత,
ఆమె పోగు
నడిమికి వచ్చెదాక.